పొద్దున లేచింది నిన్నటిదేనా?

బేతంచెర్లలో బండల లెక్కలు చూసే ఇంటి కంప్యూటర్ ఒకటి ఊహించుకుందాం. పగలంతా కటింగ్ మిషన్ల మోత. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లేచే తెల్లటి రాతిపొడి కిటికీ చువ్వల మీద, కీబోర్డు సందుల్లో, సీపీయూ లోపలి ఫ్యాను రెక్కల మీద పేరుకుంటుంది. రాత్రి చివరి లోడుకు బిల్లు కొట్టి, షట్‌డౌన్ నొక్కి, గోడ స్విచ్ కూడా ఆపేసి అన్నానికి లేస్తారు. పొద్దున బటన్ నొక్కితే తెర మీద చుక్కల చక్రం తిరుగుతూనే ఉంటుంది. బయట నాపరాళ్ల లారీ సిద్ధంగా ఉంది, డ్రైవర్ బిల్లు కోసం చూస్తున్నాడు.

ఎందుకింత ఆలస్యమని ఇంట్లో కుర్రవాడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కుతాడు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద అప్‌టైమ్ అని ఒక లెక్క కనిపిస్తుంది. యంత్రం లేచి ఎంతసేపయిందో చెప్పేది అదే. బటన్ నొక్కి పది నిమిషాలు కాలేదు, అక్కడ మాత్రం పదకొండు రోజులని ఉంటుంది. రోజూ రాత్రి ఆపుతూనే ఉన్నారు. యంత్రం లెక్కలో అది పదకొండు రోజులుగా ఆగనేలేదు.

ఇది లోపం కాదు. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కగానే మనం తెరిచిన ప్రోగ్రాములన్నీ మూతపడతాయి. కానీ వాటి కింద ఉండే విండోస్ మూలభాగమైన కెర్నెల్, దానికి అంటిపెట్టుకుని పరికరాలను నడిపే డ్రైవర్లనే ప్రోగ్రాములు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితిలోనే డిస్కు మీద ఒక ఫైల్లోకి ఎక్కుతాయి. దాని పేరు హైబర్‌ఫిల్. పొద్దున యంత్రం అన్నిటినీ మొదటి నుంచి పేర్చుకోదు, ఆ ఫైలును చదువుకుని రాత్రి వదిలిన చోటి నుంచి అందుకుంటుంది. అందుకే త్వరగా లేస్తుంది. ఇల్లు కొత్తగా కట్టుకోవడానికీ, నిన్న వేసిన తాళం తీసుకుని లోపలికి రావడానికీ ఉన్న తేడా ఇది.

రాత్రి ఆగినదీ పొద్దున లేచినదీ ఒకటేనా అనే ప్రశ్న యంత్రాలకంటే చాలా పాతది. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం రెండో పాదంలో తొమ్మిదో సూత్రం పూర్తిగా దీనికోసమే ఉంది. గాఢనిద్రలో జీవుడు బ్రహ్మంలో లీనమవుతాడని అంతకు ముందే తేల్చారు. అక్కడే చిక్కు వస్తుంది. చెరువులో ఒక నీటిబొట్టు వేసి, మళ్లీ తియ్యమంటే అదే బొట్టును తియ్యగలమా? అలాగైతే పొద్దున లేచినవాడు నిన్న పడుకున్నవాడేనని ఎవరు చెప్పాలి? శంకరులు భాష్యంలో ఈ ఆక్షేపణను దాచకుండా, దాని పూర్తి బలంతోనే ముందు పెట్టారు.

జవాబులో మొదటి కారణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అది ఏ లోకాతీతమైన రుజువో కాదు, సగంలో ఆగిన పని. నిన్న సగం చేసి వదిలినదాన్ని ఈరోజు లేచి పూర్తిచేస్తున్నాడు కాబట్టి వాడే వీడు. ఒకడు సగం చేసిన పనిని తనదిగా ఎంచి ఇంకొకడు కొనసాగించడు. రెండోది జ్ఞాపకం: నిన్న చూసింది నేనేనని గుర్తుపడుతున్నాడు. మూడోది శ్రుతివాక్యం. నాలుగోది విధి: నిద్రలోనే అంతా కరిగిపోతే పడుకున్న ప్రతివాడూ ముక్తుడైపోవాలి, అప్పుడు శాస్త్రం చెప్పిన కర్మా, ఉపాసనా అన్నీ వృథా. ఇక నీటిబొట్టు సంగతి. బొట్టుకు తనదంటూ గుర్తు లేదు. జీవుడికి ఉంది. అతని కర్మ, అతని అవిద్య అతన్ని వేరుగా పట్టి ఉంచుతాయి.

ఈ నేల మీద ఇంకో జవాబు కూడా ఉంది. బేతంచెర్లకు వాయవ్యంగా తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం. 1671లో రాఘవేంద్రస్వామి అక్కడ సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఆయన మధ్వమతాచార్యులు, బ్రహ్మసూత్రాలకు తంత్రదీపిక అనే వ్యాఖ్య రాశారు. మధ్వుల దారిలో నీటిబొట్టు ఆక్షేపణే పుట్టదు. జీవుడు పరమాత్మను ఆశ్రయించి నిద్రపోతాడు, కలిసిపోడు. నిద్రలోనూ, ముక్తిలోనూ వేరుగానే ఉంటాడు. దక్షిణాన బనగానపల్లెలో కాలజ్ఞానం చెప్పిన వీరబ్రహ్మేంద్రస్వామి కడప జిల్లా కందిమల్లాయపల్లెలో సజీవ సమాధిలో ఉన్నారని భక్తుల విశ్వాసం. వీళ్లలో ఎవరి గురించీ ఈ ప్రాంతంలో ‘పోయారు’ అనరు. ఆగడమంటే అయిపోవడం కాదనే మాట ఇక్కడ పుస్తకాల్లోంచి రాలేదు, మొక్కుకోవడానికి వెళ్లే దారిలోనే ఉంది.

బౌద్ధులు శంకరుల జవాబుకూ, మధ్వుల జవాబుకూ ఒప్పుకోరు. మిళిందపన్హ అనే వారి గ్రంథంలో నాగసేనుడు రాజుకు రాత్రంతా వెలిగే దీపం ఉదాహరణ చెబుతాడు. మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటీ కాదు, వేరూ కాదు. ఫాస్ట్ స్టార్టప్ యంత్రానికి ఈ ఉపమానమే బాగా అతుకుతుందని చాలామందికి తోచవచ్చు. కానీ యంత్రం లోపల ఇంకో వస్తువు ఉంది. దాన్ని చూశాక ప్రశ్నోపనిషత్తు గుర్తుకు రాక మానదు.

ఆ ఉపనిషత్తులో పిప్పలాదుణ్ణి అడిగిన ఆరు ప్రశ్నల్లో నాలుగోది గార్గ్యుడిది. ఈ మనిషిలో నిద్రపోయేవి ఏవి, మేలుకుని ఉండేవి ఏవి అని అడుగుతాడు. ఇంద్రియాలన్నీ మనసులో ఒదిగిపోతాయి, ఈ దేహమనే పురంలో ప్రాణాలనే అగ్నులు మాత్రం మేలుకుని ఉంటాయని ఋషి చెబుతాడు. సీపీయూ డబ్బా మూత తీస్తే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ కనిపిస్తుంది. పేరు సీఆర్ 2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. పేరులోని అంకెలు అవే. ఇచ్చేది మూడు వోల్టులు. గోడ స్విచ్ ఆపేశాక, ఫ్యాను నిలిచాక, డిస్కు చల్లబడ్డాక ఆ ఇంట్లో ఇది ఒక్కటే గడియారాన్ని నడుపుతూ ఉంటుంది. కొన్నేళ్లకు ఇది అయిపోతే యంత్రం ఎప్పటిదో పాత తేదీతో లేస్తుంది. తేదీ తప్పితే భద్రత సర్టిఫికెట్లు సరిపోవు, జీఎస్టీ పేజీ తెరుచుకోదు. రాత్రి గడిచిందని యంత్రానికి చెప్పేవారు ఎవరూ ఉండరు.

అయితే ఇక్కడ ఒక గీత గీయాలి. పొద్దున్నే అవ్వ ‘బాగ నిద్ర పట్టిందా?’ అని అడిగితే, ‘ఒళ్లు తెలీకుండా నిద్రపోయినా’ అంటారు. తెలుగువాళ్లు రోజూ వాడే ఈ మాటలో పెద్ద తర్కం ఉంది. ఒళ్లు తెలియలేదన్న సంగతి తెలిసింది ఎవరికి? విద్యారణ్యులు పంచదశి మొదటి ప్రకరణంలో ఈ మెలికనే పట్టుకున్నారు. అనుభవించనిదాన్ని ఎవరూ గుర్తు చేసుకోలేరు. నిద్రలో ఏమీ తెలియలేదని లేచాక గుర్తుంది కాబట్టి, నిద్రలోనూ తెలివి అనేది ఉంది. బటన్ సెల్‌కు అలాంటిది లేదు. అది కాలాన్ని లెక్కపెడుతుంది, అంతవరకే. పదకొండు రోజులని చూపిన యంత్రానికి ఆ పదకొండు రాత్రుల్లో ఒక్కటీ తెలియదు. యంత్రంతో మనిషిని పోల్చేవారు ఈ చోట ఆగాలి.

మళ్లీ లారీ దగ్గరికి వద్దాం. అంత త్వరగా లేచే ఏర్పాటు ఉన్నా ఆలస్యం ఎందుకవుతోంది? టాస్క్ మేనేజర్లోనే స్టార్టప్ అనే పేజీ ఉంది. యంత్రం లేవగానే పిలవకుండా తామే లేచే ప్రోగ్రాముల జాబితా అది. ఎప్పుడో ప్రింటర్ కొన్నప్పుడు వచ్చింది ఒకటి, ఫోన్లోంచి ఫోటోలు ఎక్కించడానికి వేసుకున్నది ఒకటి, మాట్లాడుకోవడానికి వేసుకున్నవి రెండు. పని అయిపోయింది, అలవాటు మిగిలింది. ఒక్కొక్కదాని పక్కన అది ఎంత భారమో హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. పెద్దలు వాసనలన్నది ఇలాంటివాటినే.

అసలు విషయం ఇది. యంత్రం మొండికేస్తే అందరూ చెప్పేది రీస్టార్ట్ చేయమనే. రీస్టార్ట్‌లో కెర్నెల్ నిజంగానే మొదటి నుంచి లేస్తుంది, అప్‌టైమ్ సున్నాకు వస్తుంది, చిక్కుకుపోయిన డ్రైవరు బాగుపడుతుంది. కానీ స్టార్టప్ జాబితా డిస్కు మీద ఉంది. వందసార్లు ఆపి లేపినా ఆ ప్రోగ్రాములు మళ్లీ వస్తాయి. నిద్రలోనూ, ప్రళయంలోనూ అవిద్య బీజంగా మిగిలే ఉంటుందని, జ్ఞానంతో తప్ప పోదని శంకరులు అన్నది పట్టుదలతో చెప్పిన మాట కాదని ఇక్కడ తెలుస్తుంది. ఆగడం వేరు, తీసేయడం వేరు. జాబితా తెరిచి, ఏది ఎందుకు ఉందో చదివి, అక్కరలేనిదాన్ని పట్టి డిసేబుల్ చేయాలి.

మిగతావి చిన్న పనులు. పాత హార్డ్ డిస్కు నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరిగి, సూదిలాంటి తలను అటూ ఇటూ జరిపి చదువుతుంది. దాని బదులు కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ వేస్తే అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. బేతంచెర్ల లాంటి ఊళ్లో రాతిపొడిని నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపాలి. పొడి పట్టిన ఫ్యాను వేడిని బయటికి పంపలేదు, వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది.

యంత్రాన్ని నిజంగా పూర్తిగా ఆపాలనుకున్న రోజున షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఆ రాత్రి హైబర్‌ఫిల్‌లోకి ఏమీ ఎక్కదు. మర్నాడు లేవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అప్‌టైమ్ సున్నా నుంచి మొదలవుతుంది.