రోషం తీరిన తరువాత

పొద్దున లేస్తే ఫోన్ నిండా స్ఫూర్తి మాటలే. సూర్యోదయం బొమ్మ మీద ఒక సూక్తి, గెలిచినవాళ్ల ప్రసంగాల ముక్కలు. చూస్తే ఒంట్లోకి ఉత్సాహం వస్తుంది. టిఫిన్ తినేసరికి పోతుంది. లోకంలో స్ఫూర్తికి కరువేమీ లేదు. మరి దాంతో నిలబడ్డ జీవితాలు ఎందుకింత తక్కువ? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు సురవరం ప్రతాపరెడ్డి గుర్తొస్తారు.

నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా ఉన్న రోజులవి. 1926లో ఆయన హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. కొన్నేళ్లకు, తెలంగాణలో తెలుగు కవులు సున్న అన్న మాట ఒకటి వచ్చింది. ఎవరికైనా రోషం పుట్టించే మాటే. ఘాటైన సంపాదకీయం ఒకటి రాసేస్తే కోపం తీరేది, చదివినవాళ్లు భళా అనేవారు. ఆయన అంతటితో సరిపెట్టుకోలేదు. మీ పద్యాలు, వివరాలు పంపండని ఊరూరా ఉన్న కవులను అడిగారు. వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులు!

అంత పనిలో కోపం పాలు ఎంత? మొదటి అడుగు వేయించడానికి సరిపోయి ఉంటుంది. ఎవరెవరివో చేతిరాతలు పోల్చుకోవడం, పేరు పక్కన ఊరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం, అచ్చుతప్పులు దిద్దడం రోషంతో అయ్యే పనులు కావు. వాటికి ఓపిక కావాలి. అంతకంటే ముందు చూపు మళ్లాలి. మాట అన్నవాడి నోరు మూయించాలన్న పంతం మెల్లగా సడలి, ఎవరికీ తెలియకుండా మిగిలిపోతున్న కవి కళ్లకు కనబడాలి. నా పరువు కోసం మొదలైన పని ఇంకొకరి కోసం సాగే పనిగా మారినప్పుడే స్ఫూర్తికి ఆయుష్షు వస్తుందని నాకనిపిస్తుంది.

ఇలా అనుకోవడానికి ఆయన తరువాతి జీవితమే నాకు ఆధారం. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలు వెనక్కి జరిగి, మామూలు జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలు ముందుకొచ్చాయి. పాత కావ్యాల్లోంచి ఆ వివరాలన్నీ ఏరి పెట్టారు. ఏ నిందకూ జవాబుగా రాసిన పుస్తకం కాదది. అయినా చూపు మాత్రం అదే: ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్ల మీద. ఆయన 1953లో పోయారు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగుకు అదే మొదటిది.

స్ఫూర్తి ఏ రూపంలో వస్తుందో మన చేతిలో లేదు. పెద్దల మాటగా రావచ్చు, చురకగానూ రావచ్చు. మనవాళ్లు ఆరంభశూరత్వాన్ని వెక్కిరించింది ఊరికే కాదు. మొదలుపెట్టడం అందరికీ వచ్చు. అందుకే ఏదైనా విని మనసు ఉరకలేసినప్పుడు నన్ను నేను ఒకటే అడుగుతాను: ఈ వేడి చల్లారాక కూడా ఈ పని ఎవరికి కావాలి? ఎవరో ఒకరు తలపుకొస్తే అది నేను చేయాల్సిన పని. ఎవరూ రాకపోతే, ఆ పూట ఉత్సాహాన్ని ఆ పూటకే వదిలేస్తాను.