అరువు తెచ్చుకొన్న కాలము

ముప్పదియైదు, నలుబది యేండ్లు నిండిన గృహస్థుడు గాని గృహిణి గాని చేయుచున్న పనిని విడిచి, వేరొక పనికి పోగోరి, మరల పుస్తకము చేత పట్టుట మంచిదా, కాదా? ఈ ప్రశ్న మన డెల్టా గ్రామములలో నానాటికి ఎక్కువగా వినబడుచున్నది. మన తాతల కాలమున చదువు పిల్లల పని, సేద్యము పెద్దల పని. ఇప్పుడు కౌలు గిట్టని రైతును, ఊడ్పులకును కోతలకును యంత్రములు వచ్చినందున పని తగ్గిన కూలివాడును, పెండ్లితో చదువు మానివేసిన స్త్రీయు, మరియొక దారి యేదైన కలదా అని వెదకుచున్నారు. కాబట్టి ఈ సంగతిని నిదానముగా ఆలోచించుట మనకు మేలు.

దివిసీమనే చూడుడి. పులిగడ్డయొద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రమునకు పోవుచున్నది. ఆ పాయల నడుమ నున్న భూమియే దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఆ నేలమీద వేలకొలది ప్రాణములను తీసికొనిపోయెను. చాలకాలము అవనిగడ్డ అనగానే దూరపు జనులకు ఆ ఉప్పెనయే జ్ఞాపకము వచ్చెడిది. ఇప్పుడు అవనిగడ్డ అనగానే వారికి డి.యస్.సి. జ్ఞాపకము వచ్చుచున్నది. ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయులను నియమించు ఈ పరీక్షకు శిక్షణ పొందుటకు దూర జిల్లాలనుండియు, తెలంగాణనుండియు అభ్యర్థులు ఆ చిన్న పట్టణమునకు వచ్చుచున్నారు. గదులు అద్దెకు తీసికొని, మెస్సులో భోజనము చేసి, తెల్లవారకముందే లేచి చదువుచున్నారు. వారిలో పెండ్లి కాని పడుచువారు మాత్రమే లేరు. బిడ్డను అత్తగారి యొడిలో పెట్టి వచ్చిన తల్లులున్నారు. పొలమును తమ్మునికి అప్పగించి వచ్చిన అన్నలున్నారు. 2025 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన చేసినప్పుడు వయోపరిమితి 44 సంవత్సరములు. వెనుకబడిన తరగతులకును షెడ్యూల్డు కులములకును తెగలకును 49. పరీక్షకు దరఖాస్తు చేసినవారు మూడు లక్షలకు పైగా నుండిరి.

ఇట్టివారిని చూచి మన ఊరి అరుగులమీద వినబడు మాట ఒకటి కలదు: “ఈ వయసులో చదువేంటి?” ఈ మాటకు బలము లేదు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చిన తరువాత నలుబది యేండ్లు మందలు కాచెను. ఎనుబదియేండ్ల వయస్సున వేరొక పనికి పిలువబడెను. ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము ఐదు గంటలకు సంతవీధిలో నిలిచియున్నవారిని చూచి, ఆలస్యమైనదని వారిని త్రోసివేయలేదు. పౌలు చెరసాలలో మరణమునకు దగ్గరగా నుండియు పుస్తకములను తెమ్మని తిమోతికి వ్రాసెను. దేవుని యెదుట నేర్చుకొనుటకు గడువు దాటిన వయస్సు లేదు.

మన బందరులోనే సాక్ష్యము కలదు. రాబర్ట్ నోబుల్ దొరగారు 1841లో సముద్రము దాటి వచ్చినప్పుడు ఆయన వయస్సు ముప్పది దాటెను. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివినవాడే. అయినను ఇక్కడ పసివానివలె తెలుగు అక్షరములు దిద్దుకొనవలసివచ్చెను. ఆయన వచ్చిన వెంటనే పాఠశాల తెరవలేదు, 1843లో తెరచెను. అంతవరకు ఆయనయే విద్యార్థి. ఆ పాఠశాలయే తరువాత నోబుల్ కళాశాల ఆయెను. ఆయన 1865లో బందరులోనే కన్నుమూసెను.

అయితే ఒక్క సంగతి మరువకూడదు. నోబుల్‌గారు తెలుగు నేర్చుకొనుచున్న కాలమంతయు ఆయనను మిషను సంఘము పోషించుచుండెను. మన గ్రామములోనుండి అవనిగడ్డకు పోవు సహోదరుని ఎవరు పోషింతురు? ఆయన భార్య పోషించును. ముసలి తండ్రి పోషించును. డ్వాక్రా సంఘములో తెచ్చిన అప్పు పోషించును. అసలు ప్రశ్న ఇక్కడనే యున్నది. వయస్సు మించినదా అనునది చిన్న ప్రశ్న. ఈ కాలము ఎవరిది అనునది పెద్ద ప్రశ్న.

ఇరువది యేండ్ల కుర్రవాడు చదువునప్పుడు తన కాలమునే వెచ్చించును. గృహస్థుని కాలము ఆయన ఒక్కనిది కాదు. దానిలో భార్యకు భాగము కలదు, బిడ్డలకు భాగము కలదు, కన్నవారికి భాగము కలదు. ఆయన రెండేండ్లు చదువుటకు కూర్చున్నయెడల, ఆ రెండేండ్లు వారియొద్ద అరువు తెచ్చుకొన్నవే.

గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారి జీవితము ఇక్కడ తలచదగినది. ఆయన మతవిషయమైన అభిప్రాయములు మనకు సమ్మతము కావు. అయినను ఆయన విద్యాసక్తినుండి నేర్చుకొనుటకు అది అడ్డము కాదు. రైతు కుటుంబములో పుట్టిన ఆయన 1911లో బందరు నోబుల్ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుటకు చేరెను. అప్పటికి ఇరువదినాలుగేండ్లు. 1914లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు దేశములోని డబ్లిన్ పట్టణమునకు పోయి 1917లో తిరిగి వచ్చెను. ఆయన కుమారుడు, తరువాత గొప్ప నవలాకారుడైన గోపీచంద్, 1910లో జన్మించెను. అనగా తండ్రి కళాశాలలో చేరునప్పటికి అతడు చేతిబిడ్డ. తండ్రి ఓడ యెక్కునప్పటికి నాలుగేండ్లవాడు. తండ్రి విద్యను గూర్చి మన సాహిత్య చరిత్రలు వ్రాసినవి. ఆ సంవత్సరములలో ఆ యింటి దీపము పెట్టినవారిని గూర్చి ఎన్ని పంక్తులు వ్రాసినవి? చదివినవానికి పట్టా వచ్చును. చదివించినవారికి పట్టా లేదు.

అరువు తెచ్చుట పాపము కాదు. అయితే యథార్థమైన అరువునకును దొంగతనమునకును భేదము కలదు. అరువు మూడు గుర్తులచేత తెలియును.

మొదటి గుర్తు, ఇచ్చువారికి తెలిసి ఇచ్చుట. గోపురము కట్టగోరినవాడు మొదట కూర్చుండి, దానిని ముగించుటకు కావలసినది తనయొద్ద ఉన్నదో లేదో లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. చదువు గోపురమునకును ఆ లెక్క కావలెను. బి.ఇడి. చదువు పూర్వము ఒక యేడు. 2015 నుండి రెండేండ్లు ఆయెను. ఆ పట్టాతో ప్రాథమిక తరగతులకు బోధింపవచ్చునని నమ్మి చదివినవారు చాలమంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పెను. 2018 తరువాత 2024 ఫిబ్రవరిలో 6,100 పదవులకు ప్రకటన వచ్చెను, అదియు రద్దయిపోయెను. మరల 2025లో గాని పరీక్ష జరుగలేదు. ఈ సంగతులన్నియు భార్యకు గాని భర్తకు గాని దాచకుండ చెప్పవలెను. “ఆరు నెలలలో ఉద్యోగము వచ్చును” అని ఆశపెట్టి ఒప్పించుట ఒప్పించుట కాదు, మోసపుచ్చుట.

రెండవ గుర్తు, గడువు. గడువు లేని అప్పు లేదు. ఒక పరీక్షయో, రెండు పరీక్షలో, ఎన్ని యేండ్లో ముందుగానే యింటిలో మాటాడుకొని నిర్ణయించుకొనవలెను. గడువు తీరినప్పుడు, ఇంకొక్కసారి అను ఆశ సహజముగా పుట్టును. అప్పుడు మరల అడుగవలెను గాని, వారి మౌనమును అంగీకారముగా లెక్కించుకొనరాదు. మన యిండ్లలో స్త్రీల మౌనము అనేకసార్లు అంగీకారము కాదు, అలసట.

మూడవ గుర్తు, తిరిగి చెల్లించుట. చెల్లించుట యనగా జీతము తెచ్చి యిచ్చుట మాత్రమే కాదు. భార్య నీ చదువుకొరకు రెండేండ్లు చేను చూచినయెడల, ఆమె తన టెన్తు పరీక్ష వ్రాయగోరిన దినమున నీవు పొయ్యి రాజేయుటకు సిద్ధముగా నున్నావా? సార్వత్రిక పాఠశాల ద్వారా టెన్తును ఇంటర్మీడియేటును ఇంటనుండి చదువుకొని వ్రాయవచ్చును. పెద్ద వయస్సు దానికి అడ్డము కాదు. ఒకరు చదివి ఒకరు మోయుట జీవితాంతము ఒకే వైపు సాగినయెడల, అది అరువు కాదు, వెట్టి.

నేనెరిగిన ఒక సంసారమును గూర్చి చెప్పుదును. భార్య పెండ్లికి ముందు ఉపాధ్యాయ శిక్షణ ముగించినది, ఇద్దరు బిడ్డలు. భర్త చేపల చెరువుమీద పనివాడు. ముప్పదియారేండ్ల వయస్సున ఆమెకు మరల చదువవలెనని కోరిక పుట్టెను. ఇద్దరును అత్తగారితో కూడ కూర్చుండి, పిల్లల పాత నోటుపుస్తకములో లెక్క వ్రాసిరి: శిక్షణ రుసుము ఇంత, గది అద్దె ఇంత, తప్పిపోవు కూలి ఇంత, పిల్లలకు జ్వరము వచ్చినయెడల వచ్చి పోవు బస్సు చార్జీ ఇంత. ఒక్క డి.యస్.సి. వరకే అని గడువు పెట్టుకొనిరి. ఆమె వ్రాసినది, ఉద్యోగము రాలేదు. ఇంటికి వచ్చి ఊరిలో ఒక ప్రైవేటు బడిలో తక్కువ జీతమునకు చేరినది. నేను పరామర్శకు పోయినప్పుడు ఆమె, “రాలేదని ఏడ్చానండి అయ్యగారూ. కాని ఇంట్లో ఎవరి మొహం చూడ్డానికీ నాకు సిగ్గుగా లేదు” అనెను. అత్తగారు ప్రక్కనుండి, “లెక్క నేనూ విన్నాను కదయ్యా, ఇంకెవర్ని అంటాను?” అనెను. ఆ యింటిలో దుఃఖముండెను గాని నింద లేదు. నింద లేని దుఃఖమును దేవుడు త్వరగా ఆదరించును.

దీనికి ప్రక్కన మరియొక సంగతి పెట్టి చూడుడి. 1998లో డి.యస్.సి. వ్రాసి అర్హత పొందియు ఉద్యోగము దొరకనివారు వేలమంది యుండిరి. వారి విషయమై ప్రభుత్వము 2022లో నిర్ణయము చేయగా, 2023లో అనేకులు ఒప్పంద ఉపాధ్యాయులుగా బడులలో చేరిరి. అప్పటికి చాలమందికి యాబది దాటెను. ఆలస్యముగానైనను వచ్చినందుకు సంతోషింపవలసినదే. అయితే ఆ యిరువదినాలుగేండ్లు వారిండ్లు ఎట్లు నిలిచెను? సేద్యము చేసి, కూలిచేసి, చిన్న వ్యాపారములు చేసి నిలుపుకొన్నవారి వలన నిలిచెను. పౌలు గొప్ప విద్యావంతుడైయుండియు డేరాలు కుట్టు పనిని విడువలేదు. క్రొత్త పని చేతికి వచ్చువరకు పాత పనిని తృణీకరింపకుడి.

ఈ తృణీకారమును గూర్చి మరియొక మాట చెప్పవలెను. ఎందుకు పని మార్చుకొనవలెనని యున్నావు? ఆదాయము చాలక యైనయెడల అది న్యాయమే. దేవుడిచ్చిన సామర్థ్యము వేరొకచోట ఎక్కువగా ఉపయోగపడునని యైనయెడల అది మరింత న్యాయము. నాగలి పట్టుట, చేపలు పట్టుట, కోత కోయుట హీనమని తలంచి పారిపోవుచున్నయెడల మాత్రము ఆగి ఆలోచింపుము. ఆ తలంపు నీతో కూడ తరగతిగదిలోనికి వచ్చును. రేపు నీ యెదుట బల్లమీద కూర్చుండువాడు కూలివాని బిడ్డయే. తన తండ్రి పనిని హీనమని యెంచినవాడు ఆ బిడ్డను గౌరవముతో చూడగలడా? చేతులకు బురద అంటించుకొన్నవాడు ఆ బురదను తలచి సిగ్గుపడక బోధించినయెడల, పల్లె బడికి అతనికంటె మంచి ఉపాధ్యాయుడు దొరకడు.

ఇక సంఘము చేయవలసినదేమి? నడివయస్సున చదువువారిని ఎగతాళి చేయుట మానవలెను. ఫలితము రానివానిని చూచినప్పుడెల్ల “ఏమైంది నీ ఉద్యోగం?” అని అడుగుట మానవలెను. చదువుచున్న తల్లి బిడ్డలను సాయంకాలము రెండు గంటలు చూచుట పొరుగింటి అమ్మలకు భారము కాదు. ఆరాధన లేని దినములలో మందిరము తాళము వేసియుండుటకంటె, అక్కడ దీపము వెలిగించి నలుగురు చదువుకొనుట మేలు. ఆ విధముగా సంఘము కూడ కొంత కాలము అరువిచ్చినదగును. ఒక్క యింటిమీద పడిన బరువు పదిమంది భుజములమీదికి వచ్చును.

చదువువలెనని తలంచుచున్న సహోదరుడా, సహోదరీ, నీ వయస్సును చూచి వెనుకకు పోకుము. ఈ రాత్రి భోజనమైన తరువాత నీ యింటివారిని కూర్చుండబెట్టి, ఒక కాగితము తీసి, లెక్క వ్రాయుము. వారు మాటాడువరకు వేచియుండుము. వారు సంతోషముగా ఇచ్చిన కాలముతో చదువుము. ఫలితమును దేవుని చేతికి విడిచి నెమ్మదిగా నిద్రించుము.