పేరు పెట్టిన పాపం

పిల్లకి పేరు పెట్టడానికి మనకి బారసాల దాకా గడువుంటుంది. నలుగురినీ అడిగి, నక్షత్రం చూసి, పళ్ళెంలో బియ్యం పోసి బంగారపుటుంగరంతో రాయిస్తాం. వ్యాసానికి ఆ భాగ్యం లేదు. కాగితాలు మడిచి, తిరుగు స్టాంపులు జతచేసి పత్రికకి పంపే రోజులు పోయాయి కదా! ఇప్పుడు అంతర్జాలంలో రచనలు వేసే సైటు తెరవగానే, మొట్టమొదటి గడి "శీర్షిక" అంటుంది. అది నింపితేగాని రెండో గడి కదలదు. కడుపుతో ఉన్నప్పుడే పేరేమిటని అడిగే చుట్టంలా ఉంటుంది దాని వరస.

కిందటేడు మా అత్తగారి గురించి ఒక వ్యాసం రాశాను. ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడేది. మంచం పక్కన ఒక స్టీలు గ్లాసూ, చెమ్చా పెట్టాను. ఒకసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లయితే పక్క మార్చాలి, మూడుసార్లయితే లైటు తియ్యాలి. అదీ మా ఒప్పందం. కొన్నాళ్ళకి మధ్యాహ్నం పూట నాలుగుసార్లు కొట్టడం మొదలుపెట్టారు. నాలుగుకి మేం అర్థం పెట్టుకోలేదు. నీళ్ళా అంటే కాదు, పక్కా అంటే కాదు. తల అడ్డంగా ఊపి, వంటింటి వైపూ నా వైపూ చూసేవారు. "నువ్వు తిన్నావా?" అని అడుగుతున్నారని తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. వ్యాసమంతా ఇంతే. "స్టీలు గ్లాసు" అని పేరు పెట్టి పంపాను.

పది రోజుల్లో నలభైమంది చదివారు. అందులో మావారూ నేనూ కూడా ఉన్నాం. సైటువారు మర్యాదగానే రాశారు, రచన బాగుందనీ, శీర్షిక కాస్త ఆకట్టుకునేలా మారిస్తే మంచిదనీ. "గ్లాసులు కొనుక్కునేవాళ్ళు తప్ప ఎవరు తెరుస్తారమ్మా?" అని మా అమ్మాయి నవ్వింది. ఇద్దరం కూచుని పేరు మార్చాం. "మాట పడిపోయిన అత్తగారు కోడలికి చెప్పిన ఆఖరి రహస్యం!" ఆశ్చర్యార్థకంతో సహా!

వారం తిరిగేసరికి లెక్క ఆరు వేలు దాటింది. అబద్ధమెందుకు, సంబరపడ్డాను. పాలు పొంగుతున్నా ఫోనే చూసుకున్నాను.

ఆ ఆదివారం మా ఆడపడుచు ఫోను చేసింది.

"వదినా, అమ్మ నీకేం చెప్పింది?"

"చెప్పడమేమిటి?"

"అదే, ఆ రహస్యం. మూడుసార్లు చదివాను, ఎక్కడా కనబడలేదు. నాతో చెప్పకూడనిదైతే వద్దులే."

ఆ "వద్దులే" అనడంలో గొంతు జీరబోయింది. రహస్యమూ లేదు, పాడూ లేదు, నలుగురూ చదవాలని అలా పెట్టానని చెప్పడానికి నాకు ఎంత సిగ్గేసిందో! మొత్తానికి చెప్పాను.

"ఓహో, అదా! నేను దగ్గర లేను కదా, ఆఖరికి నీకే చెప్పుకుంది కాబోలు అనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు" అని పెట్టేసింది.

ఆ రోజంతా నాలో నేనే వాదించుకున్నాను. పేరు మార్చడం తప్పా? కాదు. బి.ఏ.లో చదువుకున్న సంగతి గుర్తొచ్చింది. జేన్ ఆస్టిన్ నవల ఒకటి "ఫస్ట్ ఇంప్రెషన్స్" అనే పేరుతో ఉన్నప్పుడు, 1797లో ఆవిడ తండ్రి లండన్‌లో ఒక ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. ఆయన రాతప్రతి చూడనైనా చూడకుండా వద్దన్నాడు. తరవాత ఆవిడ దాన్ని సవరించుకుని, పేరు కూడా మార్చుకుంటే, అది 1813లో "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" అయి వచ్చింది. ఆ నవలకి రెండు పేర్లూ తగినవే.

పోనీ, సంగతి దాచడం తప్పా? అదీ కాదు. గురజాడవారి "దిద్దుబాటు" 1910లో వచ్చింది. ఎవరు ఎవరిని దిద్దారో పేరులో లేదు. చదివితే, దారి తప్పిన మొగుణ్ణి పెళ్ళాం ఎంత తెలివిగా దిద్దుకుందో తెలుస్తుంది. ఆ పేరు దాచింది నిజమే, కాని లోపల ఉన్నదాన్ని దాచింది. నేను లేనిదాన్ని దాచినట్టు నటించాను.

ఈ విద్య నా ఒక్కదానిదే కాదనుకోండి. అమెరికాలో 2012లో మొదలైన అప్‌వర్తీ అనే సైటు, ఒక్కో అంశానికి పాతికేసి శీర్షికలు రాయించి, వాటిలో కొన్నిటిని కొద్దిమందికి చూపించి, ఎక్కువమంది ఏది నొక్కితే దాన్ని ఖాయం చేసేది. ఈ ధోరణి ఎంత ముదిరిందంటే, అసలు సంగతి చెప్పకుండా ఊరించే శీర్షికల్ని వెనక్కి నెడతామని 2016లో ఫేస్‌బుక్కే ప్రకటించింది.

"ఎవరూ తెరవకపోతే నీ నిజం ఎవరికమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. బెండకాయలైతే కొన విరిచి చూసి కొంటాం. వ్యాసానికి ఆ వీలు లేదు. కుక్కరు కూతకీ కూతకీ మధ్య దొరికిన నాలుగు నిమిషాలు, పేరుని నమ్మి, మీలాంటివారు మాకిస్తారు. ఎవరినీ పిలవని పేరు పెట్టడం రాసేవాళ్ళ బద్ధకం. ఆ బద్ధకం నా మొదటి పేరులో ఉంది, ఒప్పుకుంటాను.

కాని ఇంకో సంగతుంది. వారపత్రికలో పేరు కిందే వ్యాసం ఉంటుంది. ఫోనులో అలా కాదు. పేరు ఒంటరిగా ఊళ్ళు తిరుగుతుంది. తెరిచినవాళ్ళు ఆరు వేలైతే, పేరు మాత్రం చూసి వేలితో పక్కకి తోసేసినవాళ్ళు ఎందరో! వాళ్ళకి నా రచనంటే ఆ ఒక్క వాక్యమే. అంటే వాళ్ళందరికీ మా అత్తగారి గురించి నేను చెప్పింది అబద్ధం ఒక్కటే. అదీ, "అలా కాదు" అనడానికి బతికుండగానే నోరు పోగొట్టుకున్న మనిషి మీద! నా మనసుని నొక్కేసింది ఇదే.

మర్నాడు పొద్దున్నే పేరు మళ్ళీ మార్చాను. "నాలుగుసార్లు మోగిన గ్లాసు." ఎందుకు మోగిందో పేరులో లేదు, లోపల ఉంది. అమ్మాయి కూడా "ఫర్వాలేదు" అంది. లెక్క మాత్రం ఆ తరవాత నత్తనడకే నడిచింది.

నెల్లాళ్ళకి మా ఆడపడుచు మళ్ళీ ఫోను చేసింది. పిల్లల చదువులూ, ఎండలూ, కూరల ధరలూ అన్నీ అయ్యాక, "ఆ గ్లాసు ఇంకా ఉందా వదినా?" అంది.

"ఉందమ్మా, బియ్యం కొలుచుకుంటున్నాను."

"దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్తాను."

అలాగేనన్నాను. ఫోను పెట్టేసి, గ్లాసు కడిగి, తుడిచి, విడిగా పెట్టాను.