మనసు దేనిని పొదుగుతోంది?



ఇంగ్లీషు చదువుకుంటున్న మీ పిల్లలను 'బ్రూడ్' అనే క్రియకు అర్థం ఏమిటని అడిగి చూడండి. నిఘంటువు తెరిస్తే ముఖ్యంగా రెండు అర్థాలు కనబడతాయి. మొదటిది, పక్షి గుడ్లమీద కూర్చుని పొదగడం. రెండవది, మనిషి ఒక బాధనో అవమానాన్నో వదలకుండా అదే పనిగా తలచుకుంటూ కుమిలిపోవడం. పొదిగే కోడికీ కుమిలిపోయే మనిషికీ ఏమిటి సంబంధం? ఈ వారం ఆ ఒక్క మాటను గురించే ఆలోచిద్దాం. ఎందుకంటే దాని వెనుక మన ఇళ్ళలో తరచు ఎదురయ్యే ఒక ప్రశ్న ఉంది. జరిగిన అన్యాయాన్ని మరచిపోలేకపోవడం పాపమా?

ముందు మాట పుట్టుక చూద్దాం. 'బ్రూడ్' చాలా పాత ఇంగ్లీషు మాట. ఒక తల్లి ఒక్కసారిగా పొదిగిన పిల్లల గుంపుకు అది పేరు. వేడి అనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుండి అది వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. గుడ్లమీద కూర్చోవడం అనే క్రియార్థం 15వ శతాబ్దంలో కనబడుతుంది. మనసులో ఒక విషయంమీద కూర్చోవడం అనే అర్థం 16వ శతాబ్దంలో వచ్చి చేరింది. ఇదే పనికి ఇంగ్లీషులో 'ఇన్‌క్యుబేట్' అనే మరో మాట కూడా ఉంది. అది లతీను నుండి వచ్చింది. దాని మూలార్థం 'మీద పడుకోవడం'.

మన తెలుగు కూడా ఈ సంగతి ఎరుగును. 'కుమిలిపోవడం' అంటే పైకి మంట కనబడకుండా లోలోపల కాలడమే కదా! అక్కడా వేడే, ఇక్కడా వేడే. 'మనసులో పెట్టుకున్నాడు' అంటే పగ పట్టాడని అర్థం. 'కడుపులో పెట్టుకుని చూసుకున్నాడు' అంటే ప్రేమతో కాపాడాడని అర్థం. రెండింటిలోనూ లోపల పెట్టుకోవడమే జరిగింది. లోపల పెట్టుకున్నది ఏమిటన్నదే తేడా.

ఈ మాటకు దివ్యగ్రంథంలో గొప్ప చోటు ఉంది. ఆదికాండం మొదటి అధ్యాయం రెండవ వచనంలో, సృష్టికి ముందు దేవుని ఆత్మ నీళ్ళపైన ఉన్న తీరును చెప్పే హీబ్రూ మాట ఒకటి ఉంది. ద్వితీయోపదేశ కాండం 32వ అధ్యాయంలో గరుడపక్షి తన పిల్లలపై రెక్కలాడించడాన్ని చెప్పడానికి కూడా అదే క్రియను వాడారు. 4వ శతాబ్దంలో పునీత బాసిలు ఆదికాండంపై ఇచ్చిన ప్రసంగాలలో, సిరియా దేశపు పండితుడొకరు ఆ మాటకు చెప్పిన భావాన్ని మెచ్చుకున్నారు. పక్షి గుడ్లను కప్పి కూర్చుని తన వేడితో వాటికి జీవాన్నిచ్చినట్లు, ఆత్మ ఆ జలాలను జీవానికి సిద్ధం చేసిందని ఆ భావం. మనకు లతీను బైబులును అందించిన పునీత జెరోము కూడా తన వ్యాఖ్యలో, ఆ హీబ్రూ మాటను 'పొదుగుతుండెను' అని చెప్పవచ్చునని రాశారు. అందుకు ఆయన వాడిన లతీను క్రియ నుండే ఇంగ్లీషువారి 'ఇన్‌క్యుబేట్' వచ్చింది.

చూశారా, పొదగడం అనేది మొదట పవిత్రాత్మ పనికి పోలికగా నిలిచిన మాట. అటువంటి పని మన చేతుల్లో పగగా ఎలా మారుతోంది?

ఒక విచారణలో ఒక అక్కగారు తన సంగతి చెప్పారు. అన్నగారి కూతురి పెళ్ళికి అన్నావదినలు ఇంటికి వచ్చి పిలుస్తారని ఆమె ఎదురు చూశారు. వారు రాలేదు. శుభలేఖ మాత్రం ఎవరి చేతనో పంపారు. పైగా చుట్టం ఒకామె వచ్చి, "నువ్వు రాకపోయినా ఫరవాలేదన్నాడట మీ అన్నయ్య" అని చెవిలో వేసింది. ఆమె పెళ్ళికి వెళ్ళలేదు, అన్నగారి గడప తొక్కలేదు. "శుభలేఖ చేతికి రావడం ఒక్క నిమిషమండీ. దానిమీద నేను తొమ్మిదేళ్ళు కూర్చున్నాను" అన్నారు ఆమె. కోడి కూర్చునేది ఇరవై ఒక్క రోజులే!

ఆ కోడిని ఒకసారి దగ్గరగా గమనిద్దాం. పల్లెలో పెరిగినవారు గంపలో గడ్డి వేసి కోడిని పొదగవేయడం చూసే ఉంటారు. పొదగడానికి కూర్చున్న కోడికి రొమ్ముమీద ఈకలు ఊడి చర్మం బయటపడుతుంది. ఆ చర్మం గుడ్లకు తగిలితేనే సరిపడా వేడి అందుతుంది. ఆ రోజుల్లో అది సరిగా తినదు, బరువు తగ్గుతుంది. అంటే పొదగడం ఊరికే కూర్చోవడం కాదు, తన ఒంటిలోని వేడిని ధారపోయడం. ప్రేమకైనా అంతే ఖర్చు, పగకైనా అంతే ఖర్చు. తొమ్మిదేళ్ళు నిద్ర పట్టని రాత్రులు ఎవరికి? అన్నగారికి కాదు, ఆ అక్కగారికే.

ఈ వేడి ఎంత మేలు చేయగలదో కూడా మరువకండి. 1880లో పారిస్‌లో తార్నియే అనే వైద్యుడు, కోడిగుడ్లు పొదిగే యంత్రాన్ని చూసి, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు అటువంటి వెచ్చని పెట్టెను చేయించారు. దాదాపు వందేళ్ళ తరువాత, 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, అటువంటి పెట్టెలు చాలని ఆసుపత్రిలో ఎడ్గార్ రే అనే వైద్యుడు పసిబిడ్డలను తల్లి రొమ్ముమీదే, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే పద్ధతిని మొదలుపెట్టారు. ఆ పద్ధతి నేడు ఎన్నో దేశాల్లో శిశువులను బ్రతికిస్తోంది. మనలో ఉన్నది అటువంటి వేడి. దానిని దేనిమీద ఖర్చు చేస్తున్నాం?

వేడికి మంచి గుడ్డు, చెడ్డ గుడ్డు అనే భేదం లేదు. జీవమున్న గుడ్డుకు వేడి తగిలితే పిల్ల అవుతుంది. జీవం లేని గుడ్డుకు అదే వేడి తగిలితే మురిగిపోతుంది. అందుకే అనుభవమున్నవారు ఏడో రోజున గుడ్డును దీపానికి అడ్డుపెట్టి చూస్తారు. లోపల ఎర్రని నరాలు కనబడితే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. కొందరు పాము గుడ్లను పొదుగుతారని యెషయా ప్రవక్త 59వ అధ్యాయంలో హెచ్చరించారు. మన మనసులో ఉన్న మాటను కూడా దేవుని వాక్యమనే దీపం ఎదుట పెట్టి, ఇందులో జీవముందా అని చూసుకోవద్దా?

ఇంకొక సంగతి. ఆ గుడ్డు అసలు మనదేనా? కోయిల కాకి గూటిలో గుడ్డు పెట్టి పోతుంది. కాకి తనదే అనుకుని పొదుగుతుంది. మన కోపాలలో ఎన్ని ఇలా ఇతరులు మన గూటిలో పెట్టి వెళ్ళినవి! 'అన్నాడట' అనే మాటతో మొదలయ్యే ప్రతి గుడ్డునూ అనుమానించవలసిందే. ఆ అక్కగారు తొమ్మిదేళ్ళూ ముఖ్యంగా పొదిగింది శుభలేఖను కాదు, చుట్టం చెప్పిన మాటను. అన్నగారు ఆ మాట అననే లేదు.

ఈ సంగతి ఆమెకు ఎలా తెలిసింది? వదినగారికి జబ్బు చేస్తే చూడడానికి వెళ్ళక తప్పలేదు. అప్పుడు వదినగారు చెప్పారట, పెళ్ళి నాటికి ఇల్లంతా అప్పులేనని, ఆడపడుచుకు చీర పెట్టకుండా ఏ ముఖంతో పిలవడమని అన్నగారు గుమ్మం దాకా వచ్చి సిగ్గుతో వెనుదిరిగిపోయారని. కోడి గుడ్లను రోజూ అనేకసార్లు తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిండం పెంకు లోపలి పొరకు అంటుకుని చనిపోతుంది. మనం మాత్రం మన బాధను ఒక్కసారి కూడా తిప్పి రెండవ వైపు చూడం. అటువైపు సిగ్గు ఉండవచ్చు, పేదరికం ఉండవచ్చు, భయం ఉండవచ్చు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మరచిపోలేకపోవడం పాపమా? కాదు. గాయం గుర్తుండడం మన చేతిలో లేదు. అన్యాయాన్ని అన్యాయమని చెప్పడం పగ కాదు. కొట్టే భర్త నుండి భార్య దూరంగా ఉండడం, మోసపోయినవాడు న్యాయం అడగడం పగ కావు. తలంపు రావడం ఒకటి, దానిమీద కూర్చుని వేడి ఇవ్వడం మరొకటి. పాపపు ప్రశ్న ఆ రెండవ చోటనే మొదలవుతుంది.

అలాగే ఎదుటివారిని 'వెంటనే క్షమించు' అని తొందరపెట్టేవారికీ ఒక మాట. పిల్ల పెంకును లోపల నుండి తానే పొడుచుకుని బయటకు వస్తుంది. అందుకు కొన్ని గంటలు, ఒక్కొక్కసారి రోజంతా పడుతుంది. జాలిపడి మనం ముందుగానే పెంకు వలిస్తే రక్తం కారి అది చచ్చిపోవచ్చు. క్షమాపణ కూడా పొదగవలసిన గుడ్డే. ఆ అక్కగారు నిజం తెలిసిన రోజున కూడా అన్నగారితో మాట్లాడలేకపోయారు. ముందు కొన్నాళ్ళు జపమాలలో ఆయన పేరు తలచుకున్నారు. తరువాత ఒక ఆదివారం పూజ ముగిశాక, "అన్నయ్యా, భోజనానికి రండి" అన్నారు. అంతకంటే పెద్ద మాటలేమీ జరగలేదు. తొమ్మిదేళ్ళు తిరిగి రావు, కాని భోజనాలైతే అయ్యాయి.

అర్థం కాని సంగతులెన్నో మరియమాత జీవితంలో జరిగాయి. ఆమె వాటిని హృదయంలో పదిలపరచుకుని ధ్యానించిందని లూకా సువిశేషం రెండు చోట్ల చెబుతోంది. ఆమె కూడా మనసులో పెట్టుకుంది, కాని ఆ పెట్టుకున్నదాని నుండి విషం పుట్టలేదు. తనను తిరస్కరించిన యెరూషలేమును చూసి యేసు ప్రభువు కూడా తనను పిల్లలను రెక్కల క్రిందకు చేర్చుకోగోరిన కోడితో పోల్చుకున్నారు. తిరస్కరించబడినా ఆ రెక్కలు ముడుచుకోలేదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక ఒక్క నిమిషం దీపం దగ్గర కూర్చోండి. మీ గూటిలో ఉన్న గుడ్డును వెలుగుకు ఎత్తి చూడండి. అది మీదేనా? అందులో జీవముందా? దానిని ఎన్నడైనా తిప్పి చూశారా? జీవముంటే ఓపికతో పొదగండి. లేకుంటే దానిమీద నుండి లేవండి. ఆ వేడి కోసం మీ ఇంట్లో ఎదురు చూస్తున్నవారు ఉన్నారు.