గొడ్డలికి పిడి అమర్చిన చేతులు

 

ఒక పేద అన్సారీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి సహాయం అర్థించాడు. ఇంట్లో ఏమైనా ఉన్నదా అని ఆయన (స) విచారించారు. సగం కప్పుకుని సగం పరచుకునే ఒక ముతక వస్త్రం, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నాడతను. ఆ రెంటినీ తెప్పించి, సహచరుల మధ్య వేలం వేసి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, రెండవదానితో గొడ్డలి కొనమని చెప్పారు. గొడ్డలి తెచ్చాక దానికి స్వయంగా తమ చేతులతో పిడి అమర్చారు. వెళ్లి కట్టెలు కొట్టి అమ్ముకోవాలనీ, పదిహేను రోజుల వరకు తమకు కనిపించకూడదనీ ఆదేశించారు. అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హములు సంపాదించాడు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

గమనించండి! ఆయన (స) అతని ఆకలిని మరచిపోలేదు. మొదటి దిర్హము అన్నానికే. కాని అక్కడితో ఆగలేదు. రెండవ దిర్హము అతన్ని యాచన నుండి తప్పించింది. మన దానధర్మాలలో ఈ రెండవ దిర్హము ఎక్కడుంది?

పని నేర్పడమూ పుణ్యకార్యమే

ప్రవక్తలు సయితం చేతిపనితో జీవించారు. హజ్రత్ దావూద్ (అలై) ఇనుముతో కవచాలు తయారు చేశారు. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి. శ్రేష్ఠమైన ఆచరణలేవని హజ్రత్ అబూ జర్ (రజి) అడిగినప్పుడు, పనివానికి తోడ్పడటాన్నీ, పని చేతకానివానికి చేసిపెట్టడాన్నీ దైవప్రవక్త (స) వాటిలో చేర్చారు.

ఆఫ్రికాలో ఒక ఉదాహరణ

క్రీ.శ. 615లో మక్కా ముస్లిములకు మొదట ఆశ్రయమిచ్చిన గడ్డ ఆఫ్రికాలోని అబిసీనియా. ఆ ఖండానికి సేవ చేసినవారిలో కువైట్ వైద్యుడు డాక్టర్ అబ్దుర్రహ్మాన్ అస్సుమైత్ (1947–2013) ఒకరు. 1981లో ఆయన ప్రారంభించిన సంస్థ నేడు డైరెక్ట్ ఎయిడ్ అనే పేరుతో పనిచేస్తోంది. బావులు, వైద్యశాలలు, అనాథల పోషణతోపాటు విద్యకూ ఆయన పెద్దపీట వేశారు. 1996లో ఇస్లామ్ సేవకుగాను కింగ్ ఫైసల్ అవార్డు లభించింది. 1998లో జాంజిబార్‌లో ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాల వెలసింది. నేడది ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయంగా ఉంది.

బావి తవ్వించి, చేతిపంపు బిగించి వెళ్లిపోతే, అది చెడిపోయిన రోజున ఊరు మళ్లీ వాగు నీటికే పోతుంది. అదే ఆ ఊరి యువకుడొకడు పంపు బాగుచేయడం నేర్చుకుంటే, నీరూ ఆగదు, అతని ఇంటి పొయ్యీ ఆరదు. వడ్రంగం, వెల్డింగు, తాపీపని, కుట్టుపని నేర్పే పల్లె పాఠశాలతో ఒక ధార్మిక సంస్థ చేతులు కలపడంలోని మేలు ఇదే. అయితే ఊరి అవసరం ఊరివారికే తెలుసు. ఏ పని నేర్పాలో, ఎవరికి నేర్పాలో వారిని సంప్రదించాలి. శిక్షణ ముగిశాక పనిముట్లు చేతికివ్వాలి. గొడ్డలి లేనివానికి కట్టెలు కొట్టడం తెలిసి ఏం లాభం?

ఇచ్చేవారికి మూడు జాగ్రత్తలు

మొదటిది: జకాత్, సదఖాల లెక్క వేరువేరుగా ఉండాలి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని సొంతం కావాలి. కనుక పాఠశాల భవనానికి, ఉపాధ్యాయుల జీతాలకు సదఖా ఇవ్వండి. పేద విద్యార్థి సొంతమయ్యే కుట్టుమిషను జకాత్‌తో కొనివ్వవచ్చు. సందేహముంటే ఆలిములను అడగండి.

రెండవది: దగ్గరివారి హక్కు మరువకూడదు. మన బంధువులలో, మన వాడలో పని లేక తిరిగే యువకుడు, కుటుంబ భారం మోసే వితంతువు ఉన్నారేమో చూడండి. దూరపు ఉదాహరణ మన వీధిలో కూడా ఆచరణకు రావాలి.

మూడవది: దెప్పిపొడుపు వద్దు. చేసిన మేలును ఎత్తిచూపి మనసు నొప్పిస్తే ఆ దానం వ్యర్థమైపోతుందని దివ్య ఖుర్ఆన్ (2:264) హెచ్చరించింది. పుచ్చుకునేవాని ఫోటోను ఊరంతా చూపడం కూడా అతన్ని నొప్పించవచ్చు. దైవప్రవక్త (స) ఆ అన్సారీని చిన్నబుచ్చలేదు, అతని సొంత సొత్తుతోనే అతన్ని నిలబెట్టారు.

ఓ అల్లాహ్! మా చేతులను ఇచ్చే చేతులుగా చెయ్యి. పుచ్చుకునే మా సోదరులను రేపు ఇచ్చేవారిగా చెయ్యి. మా దానాలను ప్రదర్శనాబుద్ధి నుండి కాపాడు. ఆమీన్.