ఎవరి పరువు?

ఆ మధ్య బంధువుల ఇంట సీమంతానికని గుమ్మఘట్ట వెళ్లాను. ఒడి నింపడానికి లేచిన ఓ అమ్మాయిని "నువ్వుండమ్మా" అంటూ ఒక పెద్దావిడ ఆపేసింది. పిల్లలు లేరట!

రాత్రి పక్కన పడుకుని ఆ అమ్మాయే చెప్పింది. లోపం భర్తలో ఉందట. దాత వీర్యంతో బిడ్డను కనవచ్చని డాక్టరు చెప్పారట. "ఆయన ఒప్పుకున్నాడక్కా. కానీ పుట్టే బిడ్డకు కూడా తెలియకూడదని ఒట్టేయించుకున్నాడు."

నాకు నిద్ర పట్టలేదు.

విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోతే, అంబిక, అంబాలిక వ్యాసుడి వల్ల బిడ్డల్ని కన్నారు. భారతం ఆ సంగతి దాచలేదు. అయితే అంబికను అతి కష్టమ్మీద ఒప్పించారు. ఆమె కళ్లు మూసుకుంది. నేడు 2021 చట్టం రాతపూర్వకమైన అంగీకారం ఉండాలంటుంది. బిడ్డ ఆ దంపతుల బిడ్డే, దాతకు ఏ హక్కూ లేదంటుంది. మరి బిడ్డ మాటో? పెద్దయ్యాక దాత ఎవరో తెలుసుకునే హక్కును స్వీడన్ 1985 నుంచే ఇచ్చింది.

ఊరికి చెప్పనక్కర్లేదు. అది ఆలుమగల సొంత విషయం. కానీ భర్త పరువు కోసం గొడ్రాలినని అనిపించుకున్న ఇల్లాలు, అదే పరువు కోసం కన్నబిడ్డకు జీవితాంతం అబద్ధం చెప్పాలా?

పొద్దున్నే ఆ అమ్మాయితో అన్నాను: "మీ భైరవానితిప్పకు నీళ్లు కర్ణాటక కొండల్లో పుట్టిన వేదవతి తెస్తుంది. ఆ మాట చెప్పుకోవడానికి మీ రైతు సిగ్గుపడతాడా? చెప్పినంత మాత్రాన పంట అతనిది కాకుండా పోతుందా?"

ఆమె నవ్వింది. "ఆయనతో అంటానక్కా" అంది.

అనగలిగిందో లేదో!