పదవిలో తొలి పది రోజులు

పెద్ద పదవిలో చేరినవారు తొలి నెలలను సంస్థను అర్థం చేసుకోవడానికే కేటాయించాలనే సలహా మంచిదే కానీ, ఆ వ్యవధి అందరికీ దొరకదు. కేంద్ర ఆర్థిక కార్యదర్శిగా ఉన్న దువ్వూరి సుబ్బారావు 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరుగా బాధ్యతలు స్వీకరించిన పది రోజులకే అమెరికాలో పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీయగా, ఆ ప్రకంపనలు భారత మార్కెట్లనూ కుదిపాయి. అంతవరకు ద్రవ్యోల్బణాన్ని, అంటే ధరల సాధారణ పెరుగుదలను, అణచడంలో నిమగ్నమైన రిజర్వు బ్యాంకు వారాల్లోనే దిశ మార్చుకొని, బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీ అయిన రెపో రేటును 2009 ఏప్రిల్ నాటికి 9 శాతం నుంచి 4.75 శాతానికి తగ్గించింది. ఈ వేగాన్ని గవర్నరు ఒక్కరి ప్రతిభగా చెప్పడం అతిశయోక్తి. సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసిన నిపుణుల అనుభవానికి అందులో సమాన భాగం ఉంది.